టర్లీ తినని శాండ్‌విచ్

బెర్నడీన్ బార్‌లో గోడకు వేలాడే చెక్క బోర్డు మీద పదకొండు తినుబండారాల పేర్లు ఉంటాయి. పదింటివి ఎవరైనా పెట్టే పేర్లే. పదకొండో దాని పేరు మాత్రం 'టర్లీ'. నల్లటి రై రొట్టె మధ్య కాల్చిన సాసేజ్, పులియబెట్టిన క్యాబేజీ, దాని మీద కరిగి కారుతున్న చీజ్, ముక్కు అదిరిపోయే ఆవపిండి ముద్ద. పోర్ట్ లావిన్‌లో పుట్టి, దాన్ని తినకుండా పెద్దయినవాళ్ళు లేరు. ఊరు మొత్తంలో దాన్ని ఒక్కసారి కూడా రుచి చూడని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు వేడ్ టర్లీ.

ఇరవై మూడేళ్ళుగా ప్రతి శనివారం పన్నెండు కాకముందే వచ్చి, చివరి స్టూలు మీద కూర్చుని, సూప్ అడుగుతాడు. మొదట్లో కడుపులో మంట అన్నాడు. తర్వాత క్యాబేజీ పడదన్నాడు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఒక్క బెర్నడీన్ మాత్రం సూప్ గిన్నె ముందు పెడుతూ, "నా చేతి వంట మీద ఏం కక్ష అల్లుడూ నీకు" అని వారం వారం దెప్పుతూనే ఉంటుంది. టర్లీ భార్య లేనా ఆమెకు మేనకోడలు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా బెర్నడీన్ నోటికి ఇంకా విశ్రాంతి లేదు.

ఆ బోర్డు మీద పేరెక్కడం అంత తేలిక కాదు. బెర్నడీన్ నాన్న నాటి నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఐస్‌మెన్, బంతి విసిరి ఆట నడిపించే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చిన ఏడాది, ఆగస్టులో ఆడే ఉత్తుత్తి మ్యాచ్‌లలో రెండో దాని రోజున బార్ మొత్తం కొలువు తీరుతుంది. ఆ మ్యాచ్‌ల గెలుపోటములు ఏ లెక్కలోకీ రావు. పేరున్న ఆటగాళ్ళు నెత్తిన టోపీ పెట్టుకుని, చూయింగ్ గమ్ నములుతూ పక్కన నిలబడతారు. మైదానంలో పరుగెత్తేవాళ్ళంతా ఉద్యోగం నిలబడుతుందో లేదో తెలియని కుర్రాళ్ళే. అయినా సరే, తీర్పు ఆ రోజే ఇచ్చెయ్యాలి. కౌంటర్ మీద రెండు పాత ఊరగాయ జాడీలు పెడతారు. ఒకదాని మీద 'ఉంచు' అని, రెండో దాని మీద 'పంపు' అని బెర్నడీన్ నాన్న స్వహస్తాలతో రాసిన చీటీలు ఉంటాయి. ఒక్కొక్కరూ ఒక్కో బీరు సీసా మూత వెయ్యాలి. 'ఉంచు' గెలిస్తే పాత పేరు రంగు కిందికి పోతుంది, కొత్త కుర్రాడి పేరు బోర్డెక్కుతుంది. జట్టు యాజమాన్యం ఏమనుకుంటుందన్నది వాళ్ళ గొడవ.

టర్లీ రోజున నలభై ఒక్క మూతలు పడితే, నలభై ఒకటీ 'ఉంచు'లోనే పడ్డాయి. ఆ వానలో, ఆ బురదలో, ఒక్క సగం ఆటలో మూడుసార్లు బంతిని అవతలి గీత దాటించి మూడు టచ్‌డౌన్‌లు చేయించాడు మరి. తర్వాత అసలు మ్యాచ్‌లు మొదలయ్యాయి. నాలుగు ఆడాడు, నాలుగూ ఓడిపోయారు. భుజం చెడింది. మరుసటి ఏడు జట్టు వదిలించుకుంది. ఇంకెవరైనా అయితే తలవంచుకుని సొంతూరు ఓక్లహోమా వెళ్ళిపోయేవారు. టర్లీ లేనాను చేసుకుని, బాయిలర్లు బాగుచేయడం నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయాడు. ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు ఆ మూడో టచ్‌డౌన్ గురించి పావుగంట మాట్లాడతారు, తర్వాత బాయిలర్ ఎక్కడుందో చూపిస్తారు. అతను నట్లు బిగిస్తూ నవ్వి ఊరుకుంటాడు. ఆ తర్వాత నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు. ఒక్కడికీ చాలినన్ని మూతలు పడలేదు. బోర్డు మీద టర్లీ అలాగే ఉన్నాడు.

ఆ పేరే తన ఆస్తి అని టర్లీకి తెలుసు. అది చెరిపేస్తే తాను ఎక్కడినుంచో వచ్చి బాయిలర్లు బాగుచేసుకునే ఒక మామూలు మనిషి. అలా అవడం అతనికి ఇష్టం లేదు, భయం కూడా. దానికి తోడు ఆ మూడో టచ్‌డౌన్ గురించి ఊరికి తెలియనిది ఒకటి అతనికి తెలుసు. అది తెలిసి ఆ శాండ్‌విచ్ కొరకడం మాత్రం అతని వల్ల కాలేదు.

ఈ ఆగస్టులో కొలువు తీర్పుకు నిలబడ్డ కుర్రాడు ఎజ్రా మేబిన్. ఇరవై రెండేళ్ళు. పొడుగ్గా, సన్నగా, నిద్రలేచి నేరుగా మైదానంలోకి వచ్చినట్టుంటాడు.

"వీడికి అన్నం పెట్టేవాళ్ళెవరూ లేరా?" అన్నాడు ఎల్రాయ్, టీవీకేసి చూసి. ఎల్రాయ్‌ది టర్లీ పక్క స్టూలు. ముప్పై అయిదేళ్ళు ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైన పెద్దమనిషి. కొలువు రోజున టర్లీ పాత నంబరు పద్నాలుగు ఉన్న చొక్కా వేసుకునే వస్తాడు. ఆ చొక్కా ఇప్పుడు పొట్ట దగ్గర బాగా ఇబ్బంది పడుతోంది.

"నువ్వు తినేదాంట్లో సగం పెట్టు పెద్దాయనా, పుంజుకుంటాడు" అంది మార్లీస్. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. మొత్తం బార్‌లో చదువూ లెక్కా తనకే వచ్చని ఆమె నమ్మకం. గ్లాసు కింద పెట్టే అట్ట తిరగేసి, పెన్సిల్ నాలుకకు అద్దుకుని సిద్ధంగా కూర్చుంది. బంతి అందితే టిక్కు, అందకపోతే ఇంటూ. ఇరవై మూడేళ్ళ కిందట టర్లీ అట్ట రాసింది కూడా ఆమే. అదిప్పుడు ఫ్రేము కట్టి బోర్డు పక్కనే ఉంది.

ఆట మొదలైంది. మేబిన్ మొదటి బంతిని ఎవరూ లేని చోట నేలకేసి కొట్టాడు. మార్లీస్ ఇంటూ పెట్టింది. రెండోది అందింది కానీ రెండు గజాలే. మూడోసారి విసరకుండా పట్టుకుని కింద పడ్డాడు.

"చేతిలో ఉన్నది బంతనుకున్నాడా, పసిపిల్లనుకున్నాడా?" అన్నాడు ఎల్రాయ్. బార్ అంతా నవ్వింది.

టర్లీ కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఈ కుర్రాడు కూడా గట్టెక్కేలా లేడు, ఇంకో నాలుగైదేళ్ళు తన పేరుకు ఢోకా లేదు. ఆ హాయికి తనమీద తనకే చిరాకేసి సూప్‌లో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

అప్పుడే ఆ బంతి వచ్చింది. అందరూ విసిరే చెయ్యి చూస్తున్నారు. టర్లీ మాత్రం అలవాటు కొద్దీ మేబిన్ తల చూశాడు. ఆ తల కుడివైపే తిరిగి ఉంది. అటు కాపలా ఉన్నవాడు దాన్ని నమ్మి రెండడుగులు కుడికి జరిగాడు. మేబిన్ ఠక్కున ఎడమకు తిరిగి, ఖాళీగా ఉన్న చోటికి విసిరాడు. అక్కడికి రావలసిన సొంత జట్టువాడు లోపలికి మళ్ళకుండా, దారి మరిచిన గొర్రెలా తిన్నగా పరుగెత్తుకుంటూ పోయాడు. బంతి వెళ్ళి అవతలి జట్టువాడి గుండెల మీద పడింది. స్టేడియం మొత్తం హూంకరించింది.

దారి తప్పినవాడు చేతులు నడుముకు పెట్టుకుని నిలబడిపోయాడు. మేబిన్ వాడి దగ్గరికి వెళ్ళి భుజం మీద తట్టాడు. తర్వాత తన కోచ్‌ల వైపు తిరిగి, తన గుండె మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. తప్పు నాది, అని. అరవై వేలమంది తిడుతుంటే, తనది కాని తప్పును నెత్తిన వేసుకున్నాడు.

టర్లీ చేతిలో చెంచా ఆగిపోయింది. 'వీడు అసలు సరుకు' అనుకున్నాడు. వీడు నిలబడితే బోర్డు మీద తన పేరు చెరిగిపోతుంది.

సగం ఆట అయ్యేసరికి మార్లీస్ లెక్క చదివింది. "పదహారు విసిరాడు, ఏడు అందాయి. రెండు అవతలివాళ్ళకి సమర్పించుకున్నాడు. ఇంక చెప్పేదేముంది."

బెర్నడీన్ జాడీలు తెచ్చి పెట్టింది. ఒక్కొక్కరే లేచి మూతలు వేస్తున్నారు. 'పంపు' జాడీలో మూతల చప్పుడు ఆగడం లేదు. 'ఉంచు'లో రెండే పడ్డాయి. అవి వేసింది కిటికీ దగ్గర కూర్చునే అక్కచెల్లెళ్ళు, కుర్రాడి జుట్టు బావుందని. బోర్డు మీద పేరున్నవాడు అందరికంటే చివర వెయ్యాలి. అది మర్యాద.

"కానివ్వు అల్లుడూ, వంట మాడిపోతోంది" అంది బెర్నడీన్.

టర్లీ మూత పట్టుకుని లేచాడు. వేసేసి కూర్చుంటే సరిపోతుంది. తన ఒక్క మూతతో ఏదీ మారదు. తాను నోరు మెదపకపోతే ఎవరూ ఏమీ అడగరు. అయినా జాడీ వైపు వెళ్ళలేదు.

"అత్తా, అవతలివాడికి పోయిన ఆ మొదటి బంతి ఒక్కసారి వెనక్కి తిప్పి వెయ్యవూ" అన్నాడు.

ఆమె రిమోట్ నొక్కింది. టర్లీ టీవీ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించాడు. తల ఎటుంది, కాపలావాడు ఎందుకు జరిగాడు, బంతి ఎక్కడ పడాలి, అక్కడికి రానివాడెవడు, తర్వాత గుండె మీద కొట్టుకోవడం ఏమిటి. ఇరవై మూడేళ్ళలో అతను ఆట గురించి అంతసేపు మాట్లాడడం ఎవరూ వినలేదు.

"ఈ కుర్రాడు మంచివాడు. మనకి మళ్ళీ దొరకడు. తప్పు వాడిది కాదు" అన్నాడు చివర.

"అయితే అట్ట అబద్ధమా?" మార్లీస్ ముఖం ముడుచుకుంది. "పదహారుకి ఏడు. నేను పెట్టిన ఇంటూలు నాకు కనపడట్లేదా?"

"నువ్వు రాసింది నిజమే మార్లీస్. కానీ ఎవరి తప్పో నీ అట్ట మీద ఉండదు."

"ఊరుకోవయ్యా" అన్నాడు ఎల్రాయ్. "ఆటంటే ఎలా ఉంటుందో మాకు తెలీదా? నీది చూశాం కదా. ఆ మూడోది, ఎడమ పక్కకి నలభై గజాలు, చూడకుండానే. నీ అట్ట మీద ఒక్క ఇంటూ లేదు. అదీ క్వార్టర్‌బ్యాక్ అంటే."

టర్లీ గోడ మీది ఫ్రేము వైపు చూశాడు. ఇక్కడితో ఆగిపోవచ్చు. తన మాట చెప్పాడు, వాళ్ళు వినలేదు, తప్పు తనది కాదు. కానీ టీవీలో ఆ సన్నటి కుర్రాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని బొమ్మలా ఆగిపోయి ఉన్నాడు.

"చూడకుండా విసిరిన మాట నిజమే పెద్దాయనా" అన్నాడు. "భయమేసి చూడలేదు."

మార్లీస్ పెన్సిల్ కింద పెట్టింది. టర్లీ చెప్పుకుపోయాడు.

"కోచ్ చెప్పిన ఎత్తుగడ పేరే మర్చిపోయాను. ఎవరు ఎటు పరుగెడతారో ఒక్కటీ గుర్తు రాలేదు. నా మీదకి ఇద్దరు దూకుతున్నారు. కళ్ళు మూసుకుని ఎడమకి విసిరేశాను. అక్కడ మనవాడు ఉండకూడదు అసలు. బురదలో కాలు జారి, దారి తప్పి అటొచ్చాడు. వాణ్ణి కాయాల్సిన అవతలి కుర్రాడు వెల్లకిలా పడ్డాడు. ముగ్గురం తప్పు చేస్తే టచ్‌డౌన్ అయింది. మర్నాడు కోచ్ నన్ను గదిలో కూర్చోబెట్టి అది పదకొండుసార్లు వేసి చూపించాడు. 'నువ్వేం చేశావో నీకు తెలీదు, ఊరికి తెలియాల్సిన పని లేదు' అన్నాడు. నేనూ చెప్పలేదు."

టర్లీ చేతిలోని మూతను అటూ ఇటూ తిప్పాడు.

"ఆ పడిపోయినవాణ్ణి మూడో రోజునే ఇంటికి పంపేశారు. కార్ల్ డెనిక్ అని ఒమాహావాడు. ఆ ఒక్కసారి జారినందుకు వాడికి పని పోయింది, నాకు బోర్డు మీద పేరొచ్చింది. ఏడాదికోసారి క్రిస్మస్‌కి వాడికి కార్డు పంపుతా. ఎందుకు పంపుతున్నానో వాడికి తెలీదు, ఎవరనుకుంటున్నాడో ఏమో."

ఎల్రాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఒమాహా కార్డా? అడుగున పేరు రాయకుండా పంపేవాడివి, అదేనా?"

"అదే."

"పదేళ్ళు మీ ఇంటి డబ్బాలోంచి ఆ కార్డు నేనే పట్టుకెళ్ళాను. మీ మేనమామ ఎవరో అనుకున్నా." కాసేపు తన చొక్కా మీది పద్నాలుగు వంక చూసుకున్నాడు. "ఆ మూడో టచ్‌డౌన్ మా మనవలు ముగ్గురికీ చెప్పానయ్యా నేను. చేతులు తిప్పి మరీ చెప్పాను. నేను పోయాక చెప్పొచ్చుగా ఇది."

"నువ్వు పోయేట్టు లేవు పెద్దాయనా."

కిటికీ దగ్గరి అక్కచెల్లెళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. బెర్నడీన్ నవ్వలేదు. అల్లుడి ముఖం కేసి చాలాసేపు చూసింది. తర్వాత రెండు జాడీలూ తీసి కౌంటర్ మీద బోర్లించింది. మూతలన్నీ గలగలా దొర్లాయి. నాన్న ఉన్నప్పుడు గానీ, పోయాక గానీ, అలా ఎవరూ ఎప్పుడూ చేయలేదు.

"మళ్ళీ వెయ్యండి" అంది. "ఈసారి బుర్ర పెట్టి వెయ్యండి."

మళ్ళీ వేశారు. కొందరు గొణుగుతూ, కొందరు టర్లీ వైపు చూడకుండా. మార్లీస్ తన అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, మూత 'ఉంచు'లో పడేసి, "అట్ట మీద మాత్రం అక్షరం కూడా మార్చను, అది వేరే సంగతి" అంది. ఎల్రాయ్ అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

"ఈ కుర్రాణ్ణి చూసి వెయ్యట్లేదు" అన్నాడు టర్లీతో. "నీ మాట మీద వేస్తున్నా. ఇది కూడా తప్పని తేలిందో, మా ఇంటి బాయిలర్ మీద చెయ్యి వెయ్యనివ్వను." మూత 'ఉంచు'లో పడింది.

చివరి మూత టర్లీదే. లెక్కపెడితే 'ఉంచు' ఇరవై, 'పంపు' పదహారు.

బెర్నడీన్ వెనక గదిలోంచి రంగు డబ్బా, కుంచె తెచ్చింది. స్టూలెక్కితే మోకాళ్ళు వణుకుతాయి కనక, టర్లీయే ఆమెను పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కుంచె ముంచి, అతని పేరు మీద ఒక చివర నుంచి మొదలుపెట్టింది. అతను తలెత్తి చూస్తూనే ఉన్నాడు. బాధ వేసింది. చాలా బాధ వేసింది. ఆ పేరుతో ఈ ఊరు అతన్ని పిలిచింది, అన్నం పెట్టింది, పిల్లనిచ్చింది. ఒక్కో అక్షరం మాయమవుతూ వచ్చింది. ఆఖరి అక్షరం దగ్గర బెర్నడీన్ ఆగి, "చెప్పు అల్లుడూ, ఇంకా ఆలోచించుకుంటావా?" అని అడిగింది.

"కానివ్వు అత్తా" అన్నాడు.

తర్వాతి శనివారం అతను వస్తాడని బార్‌లో ఎవరికీ నమ్మకం లేదు. పన్నెండు కాకముందే వచ్చాడు. చివరి స్టూలు ఖాళీగానే ఉంది. ఎల్రాయ్ మామూలు గళ్ళ చొక్కా వేసుకున్నాడు, ఊపిరి బాగా ఆడుతోందని చెప్పాడు. టీవీలో మూడో మ్యాచ్ మొదలైంది. మేబిన్ విసిరిన మొదటి బంతి ఎవరికీ అందలేదు.

మార్లీస్ పెన్సిల్ గాలిలో ఆపి, టర్లీ వైపు తిరిగింది. "ఇదెవరి తప్పు?"

"వాడిదే" అన్నాడు టర్లీ. "ఆలస్యంగా విసిరాడు."

ఆమె ఇంటూ పెట్టి, పక్కన చిన్న గుర్తు కూడా పెట్టింది. తర్వాతి బంతికి మళ్ళీ అతని వైపే చూసింది. బార్‌లో సగం మంది అటే చూస్తున్నారు, ఏం చెబుతాడా అని.

బెర్నడీన్ సూప్ గిన్నె తెచ్చింది.

"సూప్ వద్దు అత్తా" అన్నాడు. బోర్డు మీద ఇంకా రంగు వాసన వేస్తున్న పేరు చదివాడు. "మేబిన్ ఒకటి ఇవ్వు."

ఆమె గిన్నె వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్ళి, వంటవాణ్ణి పక్కకు జరగమని, తనే చేసింది. తెచ్చి ముందు పెట్టి, అక్కడే చేతులు కట్టుకుని నిలబడింది.

టర్లీ రెండు చేతులతో ఎత్తి కొరికాడు. పులుపు, వేడి చీజ్, వెనకే ఆవపిండి ఘాటు ముక్కులోకి ఎక్కింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నమిలాడు, మింగాడు, మళ్ళీ కొరికాడు. ముక్క మిగల్చకుండా తిన్నాడు.

"ఏడుస్తున్నావా ఏంటి?" అన్నాడు ఎల్రాయ్.

"ఆవపిండి" అన్నాడు టర్లీ.

"క్యాబేజీ పడదన్నావుగా?" అంది బెర్నడీన్.

"ఇన్నాళ్ళూ పడలేదు అత్తా" అన్నాడు, ఖాళీ పళ్ళెం ఆమె వైపు జరుపుతూ. "ఇంకోటి చెయ్యి."